పదిహేను నిమిషాలు

నా కంప్యూటర్ ముందుగా నాలుగే అడుగుతుంది:
వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా.
ఎవరి బిడ్డవని మాత్రం అడగదు.

చిత్తూరు పెద్దాసుపత్రి, పదకొండో నంబరు గది.
పన్నెండేళ్లుగా నా ఉద్యోగం ఒక్కటే కేక:
"ఊదమ్మా, ఊదు, ఊదు, ఇంకా ఇంకా ఇంకా,
ఆపొద్దు, కడుపులోంచి, ఇంకొంచెం!"
పక్క గదిలో కట్టు కట్టించుకునేవాళ్లు
ఇక్కడేదో కాన్పు జరగతా ఉందనుకుంటారు.

ఇవాళ తవణంపల్లె నించి ఒకే ఆటోలో ముగ్గురు.
అవ్వ కుప్పమ్మ, డెబ్బై రెండు.
కూతురు తులసమ్మ, నలభై నాలుగు.
మనవరాలు మోక్షిత, తొమ్మిది నిండి నెల.
ముగ్గురి రొమ్ములోనూ అవే పిల్లికూతలు,
ఒకే పిల్లి మూడిళ్లు మారినట్టు.

ఊదించాను.
నీలం పంపు, తలా నాలుగు పీల్పులు,
తలా ఒక కొత్త గొట్టం.
బెంచీ మీద కూర్చోండి, పదిహేను నిమిషాలన్నాను.

పాప కాళ్లూపుతోంది.
అవ్వ నా గోడ గడియారం కేసి చూసి అంది:
"నాకు పట్టదమ్మా ఇది. దానికి పడతాది.
దాని ముక్కు నాదే, మొండితనం నాదే,
ఈ ఒక్కటీ వాళ్ల నాయన కాడినించి వచ్చుండాల."

మళ్లీ ఊదించాను.
మోక్షిత గీత జివ్వున లేచింది, గాలిపటం తోకలా.
తులసమ్మది లేచీ లేవనట్టు;
చేతులు మాత్రం వణుకుతున్నాయి,
టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంది.
కుప్పమ్మ గీత
ముందటి గీత మీదే మళ్లీ పడుకుంది.

నా నాలుక చివర పాత మాట సిద్ధంగా ఉంది:
"సరిగా పీల్చలేదు నువ్వు."
ఎంతమందిని అన్నానో దాన్ని.
కానీ పీల్చింది, నేను చూశాను.
నా వేళ్ల లెక్కకి పది దాకా బిగబట్టింది.

డాక్టరు కాగితం తిప్పి తిప్పి చూశాడు.
"తిత్తి తోలు ముదిరిపోయుండొచ్చు, వయసు.
లేదా పుట్టుకలో రాసుకొచ్చిన దాంట్లో
ఒక్క అక్షరం తేడా ఉండొచ్చు, సులోచనా.
ఏదో తేల్చే పరీక్ష మన దగ్గర లేదు.
ఇంకో రకం మందు కలిపి చూద్దాం."

ఒక్క అక్షరం.
నాకు రెండో తరగతి పలక గుర్తొచ్చింది.
కొమ్ము ఊడితే
మందు, మంద.

మా నాయన చెంగల్రాయుడు
ముప్పై ఏళ్లు బెల్లం పెనాల ముందర,
చెరుకు పిప్పి పొగలో.
పండక్కీ ఇంట్లో వాసన ఆయన చొక్కాదే.
కొత్తగా ఉద్యోగమొచ్చిన గర్వంతో
పంపు తెచ్చిచ్చి రోజూ తిట్టేదాన్ని:
"తలెత్తు, వదిలెయ్యకు, నీకు
పీల్చడం కూడా చేతకాదా నాయనా?"
"చేతకాదులే పాపా" అని నవ్వేవాడు.
ఆ మాటని మోసుకునే పోయాడు.
అది ఆయన మాట కాదేమో.

ఏమో, నిజంగానే సరిగా పీల్చలేదేమో.
ఇప్పుడు ఊదించి చూసేదెవర్ని?

నాలుగున్నరకి గది ఖాళీ.
ఈమధ్య మెట్లెక్కితే నాకూ
లోపల ఎక్కడో సన్నగా, మియావ్.
ఊరి మధ్యలో నీవా ఎండిపోయి ఉంటుంది ఈ నెలల్లో.
ఆ ఏటికి పేరు పెట్టిందెవరో గానీ
వంతెన మీద ఆగినప్పుడల్లా
ఇసక అడుగుతున్నట్టే ఉంటుంది:
నీవా?

వయసు: నలభై ఒకటి. ఎత్తు, బరువు. ఆడ.
నోట్లో గొట్టం పెట్టుకున్నాను.
కేకెయ్యడానికి ఎవరూ లేరు.
ఊదాను, ఊదాను, ఇంకా, ఇంకా.
నీలం పంపు, నాలుగు.

బెంచీ మీద మోక్షిత మరిచిపోయిన
పసుపు రబ్బరు బ్యాండు ఒకటి ఉంది.
దాని పక్కన కూర్చున్నాను.
పదమూడు నిమిషాలయింది.